పీజీ సీట్లు ఎందుకు మిగిలిపోతున్నాయి? రెండు రాష్ట్రాల ఉన్నత విద్యాధికారులకు పర్లాకిమిడి నుంచి బహిరంగ లేఖ

ఒడిశా ఉన్నత విద్యాశాఖ వారికి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి వారికి నమస్కారాలు.

నేను ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా గజపతి జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై రెండేళ్లుగా రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడుతూ పెరిగినవాణ్ణి. ఏటా చివరి సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే మా ఇంటి అరుగు నిండిపోతుంది. పిల్లలు వస్తారు, వాళ్ల వెంట తండ్రులో మేనమామలో వస్తారు, మజ్జిగ తాగి కాసేపు ఊళ్లో సంగతులు మాట్లాడి, ఆ తర్వాత నెమ్మదిగా అసలు విషయంలోకి దిగుతారు. "మాస్టారూ, మావాణ్ణి పీజీలో చేర్పించమంటారా, బీఎడ్ చేయించమంటారా, పైడిభీమవరం మందుల కంపెనీకి పంపెయ్యమంటారా?" ఈ మూడు దారులనూ ఆ తండ్రి ఒకే త్రాసులో పెట్టి తూస్తున్నాడన్న సంగతిని మీరు గమనించాలని మనవి. విశ్వవిద్యాలయాల నివేదికల్లో పీజీని పీజీతోనే పోలుస్తారు. మా అరుగు మీద మాత్రం పీజీ ఎప్పుడూ ఒంటరిగా రాదు.

ప్రవేశాల గడువు ముగిశాక ఖాళీ సీట్ల లెక్క తీసి, విద్యార్థులకు ఉన్నత చదువు మీద ఆసక్తి తగ్గిందని తేల్చి, తక్కువమంది చేరిన విభాగాలను కలిపేయాలనో ఆపేయాలనో ఆలోచించడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. ఆ లెక్క తప్పని నేను అనను. అయితే అది గడువు చివరి రోజున తీసిన లెక్క. గిరాకీ అంతకు నెలల ముందే ఖర్చు, దూరం, ఉద్యోగం, హాస్టలు, కాగితాలు అన్నీ బేరీజు వేసుకుని ఇళ్లలో తేలిపోతుంది. సరిహద్దు జిల్లాల్లో ఈ అయిదింటిలోకీ కాగితాలే ఎక్కువ మంది పిల్లల్ని వెనక్కి లాగుతున్నాయని నా అనుభవం. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

మా ఊరి స్థితి తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పర్లాకిమిడి పట్నం ఇటు వచ్చింది, దాన్ని ఆనుకుని ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. పెళ్లిళ్లు, పొలాలు, సంతలు మాత్రం ఇప్పటికీ రెండు వైపులా కలిసే ఉన్నాయి. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయమే మాకు విశ్వవిద్యాలయం. పర్లాకిమిడి నుంచి అక్కడికి రైల్లో వెళ్లాలంటే, 1900లో మహారాజావారు వేయించిన చిన్న రైలు దారి వెంటే ముందు నౌపడకు దిగాలి. ఇప్పుడది బ్రాడ్‌గేజ్ అయింది. అక్కణ్ణుంచి పలాస, సోంపేట, ఇచ్ఛాపురం దాటాక గానీ మళ్లీ ఒడిశా రాదు. అంటే ఒడిశాలోని మా జిల్లా నుంచి ఒడిశాలోని మా విశ్వవిద్యాలయానికి వెళ్లే పిల్లవాడు దారి పొడవునా ఆంధ్రలోనే ప్రయాణిస్తాడు. ఆ నౌపడ దగ్గరే పైకి కాకుండా కిందికి తిరిగితే శ్రీకాకుళం వస్తుంది. అక్కడి ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ పేరిట విశ్వవిద్యాలయం ఉంది. రైలుకు ఏ దిక్కయినా ఒకటే. విద్యార్థికి ఒకటి కాదు.

ఇక గిరాకీ సంగతి. నా సబ్జెక్టుతోనే మొదలుపెడతాను. ఇప్పుడు మా పిల్లలకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అంటే ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒక్కటే. "ఆర్గానిక్ వస్తే చేరతాను, లేకపోతే మానేస్తాను" అని మొహమాటం లేకుండా చెబుతారు. ఇందులో ఫ్యాషనేమీ లేదు. పైడిభీమవరంలో, విశాఖ దగ్గర పరవాడలో, హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కర్మాగారాలు ఉన్నాయి. వాటిలో సింథసిస్ ల్యాబుకూ క్వాలిటీ కంట్రోలుకూ మనుషులు కావాలి. ఊళ్లో ఒకడు ఆ కంపెనీ బస్సెక్కి మొదటి జీతంతో ఇంటికి ఫ్రిజ్ కొంటే, మరుసటి ఏడాది ఆ వీధిలో ముగ్గురు ఆర్గానిక్ అడుగుతారు. భౌతిక రసాయనశాస్త్రం, అకర్బన రసాయనశాస్త్రం అడిగేవాళ్లు లేక మూలకు చేరాయి. ఒక చెట్టుకు ఒకే కొమ్మ ఏపుగా పెరిగితే చెట్టు ఒరిగిపోతుందని రైతుబిడ్డలైన ఆ పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. అయినా వాళ్ల ఎంపికను తప్పుపట్టలేను. అయితే ఒక చిక్కుంది. అవే కంపెనీలు బీఎస్సీ చదివినవాళ్లను కూడా తీసుకుంటాయి. అప్పుడు ఆ తండ్రి వేసే లెక్క చాలా సూటిగా ఉంటుంది: రెండేళ్ల పీజీ ఖర్చు ఒక పక్క, రెండేళ్ల జీతం, అనుభవం మరో పక్క. పీజీ తర్వాత వచ్చే జీతం ఆ తేడాను పూడ్చేలా లేదని తోచిన ఏడాది దరఖాస్తులు తగ్గుతాయి. కంపెనీలు ఎమ్మెస్సీ కావాలని పట్టుబట్టిన ఏడాది పెరుగుతాయి. ఈ హెచ్చుతగ్గులు విభాగాధిపతి చేతిలో ఉండవు.

కోర్సు ఎన్నాళ్లన్నది గిరాకీని ఎంత మారుస్తుందో ఎంసీఏ చూపించింది. అది మూడేళ్ల కోర్సుగా ఉన్నప్పుడు మా వైపు దాదాపు మరిచిపోయారు. 2020-21 నుంచి రెండేళ్లకు కుదించాక మళ్లీ అడుగుతున్నారు. బీఎడ్ కథ దీనికి తిరగబడింది. 2015లో అది రెండేళ్లయినప్పటి నుంచి పీజీకి సరిసమానమైన పోటీ అయింది, ఎందుకంటే అదే రెండేళ్లలో చేతికి ఉపాధ్యాయ వృత్తి అర్హత వస్తుంది. 2023 ఆగస్టులో ప్రాథమిక పాఠశాల పోస్టులకు బీఎడ్ అర్హత చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక ఆ ధీమాకు కొంత గండి పడింది. పెద్ద తరగతులకు చెప్పాలంటే పీజీ కూడా ఉండాలన్న ఆలోచన మళ్లీ తలెత్తింది. ఈ మార్పులేవీ విశ్వవిద్యాలయం ప్రాస్పెక్టస్ చూసి వచ్చినవి కావు. ఢిల్లీలో ఒక నిబంధన మారితే రెండేళ్ల తర్వాత ఆ ప్రకంపన పర్లాకిమిడి అరుగు మీద తెలుస్తుంది.

మరో మాట కూడా దాచకుండా చెప్పాలి. చేరినవాళ్లందరూ చదువు కోసమే చేరారని మీరు అనుకుంటే అదీ పొరపాటే. నగరంలో హాస్టలు, లైబ్రరీ, పోటీ పరీక్షల కోచింగుకు రెండేళ్ల తీరిక దొరుకుతాయని పీజీలో చేరే మగపిల్లలు ఉన్నారు. సంబంధం కుదిరేదాకా పిల్ల ఖాళీగా ఉండకూడదని చేర్పించే తల్లిదండ్రులూ ఉన్నారు. నేనైతే ఈ రెండో రకాన్ని తక్కువగా చూడను. అలా చేరిన అమ్మాయిల్లో కొందరు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించి పెళ్లిని రెండేళ్లు వాయిదా వేయించడం నా కళ్లతో చూశాను. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021-22 లెక్కల ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో పీజీ వాళ్లు దాదాపు 12 శాతం; అందులో అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువ. మా తరగతి గదుల్లోనూ ఇదే కనిపిస్తుంది. కాబట్టి పీజీ గిరాకీ అంటే ఇప్పుడు చాలావరకు అమ్మాయిల గిరాకీ, అమ్మాయిల గిరాకీ అంటే హాస్టల్ గది. సీటు వచ్చిందని ఫోనుకు మెసేజ్ రాగానే ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న "హాస్టల్ ఇస్తారా?" అన్నదే. సీటు ఒక నెలలో, హాస్టల్ మరో నెలలో ఇస్తే, మధ్యలో ఆ సీటు చేజారిపోతుంది. బయట గది అద్దెకు తీసుకుని ఉండమని చెప్పే ధైర్యం మా తండ్రులకు లేదు. అది సరైనదా కాదా అన్న చర్చ తర్వాత చేసుకోవచ్చు, ముందు గది తాళం ఇవ్వండి.

ఇప్పుడు కాగితాల దగ్గరికి వస్తాను. మా ప్రాంతంలో డిగ్రీ పూర్తిచేసిన ఒక విద్యార్థి ఎన్ని గుమ్మాలు ఎక్కాలో చూడండి. సునాబెడలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం కావాలంటే మార్చిలోనే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి, అప్పటికి చివరి సెమిస్టర్ పాఠాలు ఇంకా నడుస్తూనే ఉంటాయి. ఒడిశా రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు శామ్స్ అనే ప్రవేశాల పోర్టల్‌లో సీపెట్ అనే ఉమ్మడి పరీక్షకు దరఖాస్తు వేరు. ఆంధ్రలో 2021 నుంచి అన్ని విశ్వవిద్యాలయాలకూ కలిపి ఏపీ పీజీసెట్ ఉంది. ఎంబీఏ, ఎంసీఏ అయితే అటు ఐసెట్, ఇటు ఓజేఈఈ పరీక్షలు. బీఎడ్‌కు మళ్లీ రెండు వైపులా వేర్వేరు పరీక్షలు. ఒక్కో దరఖాస్తుకు వందల రూపాయలు, నెట్ సెంటర్‌లో మరికొంత. పరీక్ష రాయడం కష్టం కాదు. ఒకదాని జాబితా వచ్చేలోపు మరొకదానిలో డబ్బు కట్టి చేరాల్సి రావడమే అసలు కష్టం.

మూడేళ్ల కిందట మా విద్యార్థిని ఒకామె సరిహద్దు అవతల ఒక ప్రైవేటు కళాశాలలో ఎమ్మెస్సీలో చేరింది. ఇక్కడి జాబితా ఇంకా రాలేదు, అక్కడ చేరకపోతే ఏడాది పోతుందేమోనని భయం. ఫీజు కట్టింది, టీసీ, మార్కుల మెమోలు, మైగ్రేషన్ సర్టిఫికెట్ అసలువి ఇచ్చేసింది. ఆ తర్వాత మా రాష్ట్రంలో తక్కువ ఫీజుతో, ఆమె మొదట కోరుకున్న సబ్జెక్టులో సీటు వచ్చింది. కళాశాలవాళ్లు ఏడాది మొత్తం ఫీజు కడితేనే కాగితాలిస్తామన్నారు. అసలు ధ్రువపత్రాలు పట్టి ఉంచుకోకూడదని, మానేస్తే ఫీజు తిరిగి ఇవ్వాలని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు నకలు పట్టుకుని నేనూ వాళ్ల నాన్నా రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి ప్రిన్సిపాల్ సెలవులో ఉన్నారన్నారు. రెండోసారి కరస్పాండెంట్‌ను కలవమన్నారు, ఆయన ఊళ్లో లేరు. ఇక్కడి సీటు గడువు దాటిపోయింది. అక్కడ సంక్రాంతి తర్వాత ఆమె మానేసింది. ఇప్పుడు ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతోంది. ఇక్కడి రికార్డులో ఆమె "సీటు కేటాయించినా చేరని విద్యార్థిని", అక్కడి రికార్డులో "మధ్యలో మానేసిన విద్యార్థిని". రెండు లెక్కల్లోనూ ఆసక్తి లేనివారి కింద జమ పడింది. పీజీ చదవాలని ఆమె కంటే గట్టిగా కోరుకున్న పిల్లను నేను చూడలేదు.

ఇక స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 85 శాతం సీట్లు స్థానికులవి. మిగిలిన 15 శాతానికీ అర్హత నిబంధనలు ఉన్నాయి. ఆ ఉత్తర్వు వెనక ఉన్న చరిత్రను నేను గౌరవిస్తాను, వెనకబడిన ప్రాంతాల పిల్లలకు అది ఇచ్చిన రక్షణను తీసేయమని అడగను. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేస్తాను. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్ర సాంకేతిక కళాశాల పేరు జయపూర్ విక్రమదేవ్ కళాశాల. ఇప్పటి కొరాపుట్ జిల్లాలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా అందేలా దానమిచ్చారు. జయపురం ఒడిశాలో కలిసిన తర్వాత కూడా ఆ బంధం తెగలేదు. ఈనాడు అదే జయపురం నుంచి వెళ్లే తెలుగు పిల్లవాడు ఆ కళాశాల గేటు మీద తన ఊరి రాజు పేరు చదివి, లోపల కౌన్సెలింగ్ బల్ల దగ్గర "నాన్‌లోకల్" అనిపించుకుంటాడు. జయపురంలో ఆయన పేరిటే ఉన్న కళాశాల 2023లో విశ్వవిద్యాలయం కావడం సంతోషమే. దానివల్ల ఈ చిక్కు మాత్రం తీరదు.

కులధ్రువపత్రమూ అంతే. ఒక రాష్ట్రంలో వెనకబడిన తరగతిగా గుర్తింపు ఉన్న కుటుంబానికి ఏరు దాటితే అది పనికిరాదు. ఫీజు రాయితీ కూడా పోతుంది. ఫీజు రాయితీ గిరాకీని ఎలా ఆడిస్తుందో ఆంధ్రవారికి నేను చెప్పనక్కర్లేదు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కళాశాలల్లో పీజీ చేసేవాళ్లకు బోధన రుసుం చెల్లింపు ఆపినప్పుడు, పాతపట్నం వైపు నా మిత్రులైన అధ్యాపకులు తమ తరగతులు ఎలా పలచబడ్డాయో చెబుతుండేవారు. పిల్లల ఆసక్తి ఒక్క ఏడాదిలో ఆవిరైపోయిందని ఎవరైనా అంటే నమ్మగలమా?

ఉద్యోగం దగ్గర భాష అడ్డుపడుతుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదివి ఉండాలి, ఆంధ్రలో ఉపాధ్యాయ ఉద్యోగానికి స్థానికత కావాలి. తెలుగు చదువుకున్న మా పిల్లలకు ఇటు భాష తక్కువ, అటు చిరునామా తక్కువ. తెలుగు ఎంఏకు గిరాకీ లేదని రాసేముందు, ఈ జిల్లాల్లో తెలుగు ఉపాధ్యాయ పోస్టు భర్తీ చేసి ఎన్నాళ్లయిందో కూడా రాయండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవరల గూడేలకు నడిచి వెళ్లి వాళ్ల భాష నేర్చుకున్నదీ ఇక్కణ్ణుంచే. ఆ సవర కుటుంబాల పిల్లలు ఇవాళ నా తరగతిలో కూర్చుంటున్నారు. ఇంట్లో సవర, సంతలో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. పీజీ ప్రవేశ పరీక్షలో వాళ్లకు వచ్చే మార్కులు కెమిస్ట్రీవో, నాలుగో భాషవో నాకు ఇప్పటికీ తేలదు.

దూరవిద్య ఒకప్పుడు ఈ ఖాళీని కొంత పూడ్చేది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దూరవిద్య 1972 నుంచి ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్య ఆ రాష్ట్ర హద్దులు దాటకూడదని యూజీసీ కట్టడి చేశాక ఆ దారి మూసుకుపోయింది. ఆన్‌లైన్ కోర్సులకు ఆ హద్దు లేదు కాబట్టి వాటివైపు చూస్తున్నారు. ల్యాబు అక్కర్లేని సబ్జెక్టులకు అది సరే, నా సబ్జెక్టుకు పనికిరాదు.

ఇంతవరకు జరిగిన సంగతులు. ఇకముందు జరగబోయేది మరీ ముఖ్యం. నాలుగేళ్ల ఆనర్స్ చేసినవారికి ఒక ఏడాది పీజీ, మూడేళ్ల డిగ్రీవారికి రెండేళ్ల పీజీ అని యూజీసీ 2024లో చట్రం విడుదల చేసింది. ఆంధ్రలో నాలుగేళ్ల ఆనర్స్ 2020-21లో మొదలైంది, ఒడిశాలో కొత్త పద్ధతి 2024-25లో వచ్చింది. అంటే మా కళాశాలల్లో 2024లో చేరినవాళ్లలో కొందరు 2027లో మూడేళ్లకే బయటికి వస్తారు, మిగిలినవాళ్లు 2028 దాకా ఉండిపోతారు. 2027లో పీజీ దరఖాస్తులు తగ్గితే దానికి కారణం ఆ బ్యాచ్‌లో కొంతమంది నాలుగో ఏడాది తరగతి గదిలో కూర్చుని ఉండటమే కావచ్చు. ఆ ఒక్క ఏటి అంకె చూసి ఏ విభాగానికీ తాళం వేయవద్దని ఇప్పుడే వేడుకుంటున్నాను. మరుసటి ఏడాది అదే విభాగానికి ఒక ఏడాది పీజీ కోసం వచ్చేవాళ్లు, రెండేళ్ల పీజీ కోసం వచ్చేవాళ్లు కలిసి వస్తే వాళ్లకు పాఠం చెప్పే మనిషి ఉండాలి.

మీ నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. ఖాళీ సీట్ల లెక్కతోపాటు ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి సీటు కేటాయించారు, కేటాయించాక చేరనివాళ్లు ఎక్కడికి వెళ్లారన్నది కూడా సబ్జెక్టువారీగా, జిల్లావారీగా ప్రచురించండి. చేరనివాళ్లకు ఒక ఫోను చేసి కారణం అడిగితే చాలు, చాలామంది చెబుతారు. రెండు రాష్ట్రాల సంచాలకులు ఏటా ఒకసారి కూర్చుని మొదటి జాబితాల తేదీలు పది పదిహేను రోజుల తేడాలో ఉండేలా చూసుకుంటే మా పిల్లలు రెండుచోట్ల ఫీజు కట్టే పని తప్పుతుంది. అసలు ధ్రువపత్రాలు పట్టి ఉంచుకునే కళాశాలల మీద ఫిర్యాదు చేయడానికి, ఏ రాష్ట్రపు విద్యార్థి అయినా వాడుకోగలిగే ఒక నంబరు ప్రవేశాల ప్రకటనలోనే ముద్రించండి. అమ్మాయిలకు సీటు కేటాయింపు పత్రంలోనే హాస్టల్ గది ఉందో లేదో రాయండి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల పిల్లలకు శ్రీకాకుళం, విశాఖ వైపూ, అక్కడి సరిహద్దు మండలాల పిల్లలకు బరంపురం వైపూ కొద్దిపాటి అదనపు సీట్లు కేటాయించి, ఫీజు రాయితీని సొంత రాష్ట్రమే భరించేలా ఒప్పందం చేసుకోవచ్చేమో పరిశీలించండి. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులు బయటి రాష్ట్రంలో చదివినా పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనం సొంత రాష్ట్రమే ఇస్తోంది కదా, దారి కొత్తదేమీ కాదు.

ఇరవై రెండేళ్లుగా మా విద్యార్థుల్లో ఎవరు ఏ కోర్సులో చేరారో, ఎవరు ఏ కారణంతో మానేశారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వస్తున్నాను. ఇప్పటికి మూడు పుస్తకాలయ్యాయి. వాటిలో పిల్లల పేర్లు, ఇళ్ల సంగతులు ఉన్నాయి కాబట్టి బయట పెట్టలేను, మీ శాఖల నుంచి ఎవరైనా వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తాను. మే నెల చివరి వారంలో వస్తే ఇంకా మంచిది. ఆ రోజుల్లో మా అరుగు మీద ఆ తండ్రులే ఉంటారు, వాళ్లనే అడగవచ్చు.

ఇట్లు,
గజపతి జిల్లాకు చెందిన ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
పర్లాకిమిడి